బంతి లేని చోట కూడా చూడండి

పిల్లలూ, ఫుట్‌బాల్ ఆటలో ఎంతమంది ఉంటారని అడిగితే మీరు వెంటనే, "జట్టుకు పదకొండుగురు చొప్పున ఇరవై ఇద్దరు," అని చెపుతారు. అది సరియైన జవాబే. కాని పెద్ద పందెం జరిగేచోట ఒకసారి కూర్చుని చూస్తే ఆ లెక్క చాలదని తెలుస్తుంది. బంతి తన్నేది ఇరవై ఇద్దరే అయినా, ఆ ఆటకు అందం తెచ్చేవారూ, దాన్ని పాడుచేసేవారూ వేలకొద్దీ ఉంటారు. వారే ప్రేక్షకులు. ఆట ఆడటం ఎలాగో మీకు బళ్ళో డ్రిల్లు మాస్టారు నేర్పుతారు. ఆట చూడటం ఎలాగో నేర్పేవారు మాత్రం అరుదు. అందుకని ఈ నెల ఆ సంగతి చెపుతాను.

ఇది చెప్పటానికి నాకొక మంచి పందెం దొరికింది. 2017 అక్టోబరు 28 వ తేదీ, శనివారం రాత్రి, కలకత్తా నగరంలో ప్రపంచ కప్పు ఆఖరి పందెం జరిగింది. ఆ నగరాన్ని ఇప్పుడు కోల్‌కతా అంటున్నాం; నాకు పాత పేరే నోటికి వస్తుంది. అది పెద్దవాళ్ళ ప్రపంచ కప్పు కాదు, పదిహేడేళ్ళు దాటని కుర్రవాళ్ళది. అంటే ఆడినవాళ్ళందరూ మీ అన్నయ్యల యీడువాళ్ళే. మొత్తం 24 దేశాల జట్లు ఢిల్లీ, కలకత్తా, నవీ ముంబాయి, కొచ్చి, గౌహతి, గోవాలలో 52 పందేలు ఆడాయి. ప్రపంచ ఫుట్‌బాల్ సంఘమైన ఫీఫా జరిపే పోటీలు మన దేశంలో జరగటం అదే మొదటిసారి. మన జట్టు ఆడిన మూడు పందేలూ ఓడింది. అయినా అక్టోబరు 9 న ఢిల్లీలో కొలంబియా జట్టుమీద జీక్సన్ సింగ్ అనే మణిపూర్ కుర్రవాడు తలతో బంతిని గోలులోకి కొట్టాడు. ఫీఫా ప్రపంచ కప్పు పోటీల్లో భారతదేశానికి అదే మొట్టమొదటి గోలు. జనం సంబరం ఇంకా తీరకముందే కొలంబియా మరో గోలు చేసి 2-1 తో గెలిచింది. ఆటంటే అంతే మరి!

ఆ రోజుల్లో మా పెద్దబ్బాయి కలకత్తాలో ఉద్యోగం చేస్తూండేవాడు. నేనూ, మా ఇంటావిడా దీపావళి పండక్కి అక్కడికి వెళ్ళి ఉన్నాం. అబ్బాయి ఇంటిల్లిపాదికీ టిక్కెట్లు కొన్నాడు. అబ్బాయీ, కోడలూ, మేమిద్దరమూ, అయిదో తరగతి చదివే మనవడూ, రెండో తరగతి చదివే మనవరాలూ కలిసి ఆరుగురం. మా ఇంటావిడ అంతవరకు ఫుట్‌బాల్ పందెం చూసి ఎరగదు. "బంతి కోసం అంతమంది కొట్టుకునే బదులు తలా ఒక బంతీ ఇవ్వరాదూ?" అన్నది.

ముందురోజు రాత్రి మా కోడలు పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి కొన్ని సంగతులు చెప్పింది. ఇంట్లోవాళ్ళ ఫోను నెంబర్లు కాగితంమీద రాసి పిల్లల జేబుల్లో పెట్టింది. మేము ఏ గేటులో వెళతామో, ఏ వరసలో కూర్చుంటామో వాళ్ళచేత వల్లె వేయించింది. ఎవరైనా తప్పిపోతే వెతుక్కుంటూ పరిగెత్తకూడదనీ, ఉన్నచోటనే నిలబడి దగ్గరలో ఉన్న పోలీసుకు కాగితం చూపించాలనీ చెప్పింది. "ఇంత హడావిడి ఎందుకమ్మా? మనం ఆట చూడటానికే కదా వెళుతున్నాం!" అన్నాడు మనవడు. 

వాడికి నేను 1980 నాటి సంగతి చెప్పాను. ఆ ఏడు ఆగస్టు 16 న అదే నగరంలో, ఈడెన్ గార్డెన్స్‌లో, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్లకు పందెం జరిగింది. ఆ రెండు జట్లకూ తరతరాల పోటీ. ఆట మధ్యలో ప్రేక్షకులు తమలో తాము కలహించుకున్నారు. తొక్కిసలాట జరిగింది. ఆట చూడటానికి సరదాగా వెళ్ళిన 16 మంది ఇంటికి తిరిగి రాలేదు. వారిని తలుచుకుని ఆ నగరంలో ఏటా ఆ రోజున రక్తదానం చేస్తారు. ఇది విన్నాక మనవడు మరి వాదించలేదు. కాగితం జేబులో ఉన్నదో లేదో మరొకసారి తడిమి చూసుకున్నాడు.

మేము వెళ్ళిన ఆటస్థలం పేరు వివేకానంద యువభారతీ క్రీడాంగన్. సాల్ట్ లేక్ అనే పేటలో ఉన్నది గనక జనం దాన్ని సాల్ట్ లేక్ స్టేడియం అనే అంటారు. దాన్ని 1984 లో తెరిచారు. మొదట్లో అందులో లక్షా ఇరవై వేలమంది పట్టేవారు. 1997 జూలై 13 న మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆడినప్పుడైతే 1,31,781 మంది వచ్చారు! కుర్రవాళ్ళ ప్రపంచ కప్పుకని దాన్ని బాగుచేసినప్పుడు, పొడుగాటి అరుగుల బదులు మనిషికొక కుర్చీ చొప్పున అమర్చారు. దానితో పట్టే జనం దాదాపు సగానికి తగ్గారు. "పెద్దది చేయాలి గాని చిన్నది చేస్తారా?" అని మీకు అనుమానం రావచ్చు. అరుగుమీద పదిమంది కూర్చునేచోట పదిహేనుమంది ఇరుక్కుంటారు. కుర్చీలో ఒకరే కూర్చుంటారు. ఎక్కడ ఎంతమంది ఉన్నారో తెలిస్తేనే, అవసరమైనప్పుడు వాళ్ళందరినీ ఎంతసేపట్లో బయటికి పంపవచ్చునో లెక్క కట్టగలం.

ఆ సాయంకాలం అయిదు గంటలకు మూడో స్థానం కోసం బ్రెజిల్, మాలీ దేశాలు ఆడాయి. మేము దానికే వెళ్ళాం. గేటు బయట మనవరాలు ఝాల్‌మూరి పొట్లం కొనిపించుకున్నది. అది మన విశాఖ బీచిలో అమ్మే ముంత మిక్చరుకు దగ్గర చుట్టం. కాకపోతే ఆవనూనె ఘాటు ఎక్కువ. కండ్లలో నీళ్ళు కారుతున్నా ఆ పిల్ల పొట్లం వదలలేదు.

లోపలికి వెళ్ళి మెట్లు ఎక్కేసరికి దీపాల వెలుగులో పచ్చటి మైదానం కనిపించింది. దాని పొడవు 105 మీటర్లు, వెడల్పు 68 మీటర్లు. గోలు స్తంభాల మధ్య దూరం 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. ఈ కొలతలు పుస్తకంలో చదివితే ఏమీ అనిపించదు. మీ బడి ఆవరణలో ఒకసారి అడుగులతో కొలిచి చూడండి. ఆ వాకిలిని ఒక్క కుర్రవాడు కాపాడాలంటే ఎంత కష్టమో తెలుస్తుంది.

జనం ఇంకా పలచగా ఉన్నప్పుడు, ఆటగాళ్ళు ఒళ్ళు వేడెక్కటానికి బంతిని తన్నుతున్నారు. మా మనవరాలు చాలాసేపు చూసి, "తాతయ్యా, ఆ చివర ఉన్నతను బంతిని తన్నినప్పుడు చప్పుడు ఆలస్యంగా వస్తోందేం?" అని అడిగింది. నిజమే. చెరువు అవతలి గట్టున ఎవరైనా బట్టలు ఉతుకుతూంటే మీరు గమనించే ఉంటారు. గుడ్డ బండమీద పడటం ముందు కనిపిస్తుంది, దెబ్బ తరవాత వినిపిస్తుంది. వెలుగు సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. చప్పుడు గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది. మాకూ, అవతలి గోలుకూ నడుమ 170 మీటర్ల దూరం ఉన్నదనుకుంటే, చప్పుడు రావటానికి అర సెకను పడుతుంది. జనం నిండాక మరో తమాషా కనిపించింది. అవతలివైపువాళ్ళు మనతోబాటే చప్పట్లు కొట్టినా, వాళ్ళ చప్పట్లు మనకు వెనకబడి వినిపిస్తాయి. వాళ్ళకు మన చప్పట్లే వెనకబడినట్టుంటుంది. ఇద్దరిదీ తప్పు కాదు!

మూడో స్థానం బ్రెజిల్‌కు దక్కింది. ఆ జట్టు 2-0 తో గెలిచింది. రాత్రి ఎనిమిది గంటలకు ఆఖరి పందెం మొదలయింది. ఇంగ్లండుకూ, స్పెయినుకూ పోటీ. ఆ రాత్రి వచ్చినవారు 66,684 మంది.

ఆ రెండు జట్లకూ పాత బాకీ ఒకటి ఉన్నది. అంతకు అయిదు నెలల కిందట, మే నెలలో, క్రొయేషియా దేశంలో యూరప్ ఖండపు కుర్రవాళ్ళ పోటీలు జరిగాయి. అక్కడా ఆఖరి పందెం ఈ ఇద్దరికే. ఇంగ్లండు ఆట ముగిసేదాకా ముందున్నది. చిట్టచివరి క్షణాల్లో స్పెయిన్ గోలు చేసి 2-2 చేసింది. తరవాత పెనాల్టీ దెబ్బల్లో స్పెయిన్ కప్పు ఎగరేసుకుపోయింది. చేతిదాకా వచ్చిన కప్పు జారిపోతే ఆ కుర్రవాళ్ళకు ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి.

కలకత్తాలోనూ అదే జరిగేట్టు కనిపించింది. 10 వ నిముషంలో స్పెయిన్ ఆటగాడు సెర్జియో గోమెజ్ ఒక గోలు చేశాడు. 31 వ నిముషంలో అతనే మరొకటి చేశాడు. మా మనవడు ఎగిరి గంతేసి, "నేను స్పెయిన్ పార్టీ!" అన్నాడు. అంతకుముందు వాడికి ఏ పార్టీ లేదు.

అప్పుడే మా ఇంటావిడ ఒక ప్రశ్న వేసింది. "బంతి అంతా ఆ చివరే ఉన్నది గదా, ఈ చివర ఒంటరిగా ఉన్న పిల్లవాడు ఎవరితో మాట్లాడుతున్నాడు?" అన్నది. ఆమె చూస్తున్నది గోలు కాసే కుర్రవాణ్ణి. మేమందరం బంతిని చూస్తున్నాం. ఆమె ఒక్కతే అతన్ని చూసింది. సరేనని మేమూ చూశాం. బంతి దూరంగా పోయినకొద్దీ అతను గోలు వదిలి ముందుకు నడుస్తున్నాడు. బంతి ఇటు తిరగగానే వెనక్కు వస్తున్నాడు. చేతులు ఊపుతూ, కేకలు వేస్తూ, తన ముందున్న వాళ్ళకు ఎవరు ఎటు జరగాలో చెపుతున్నాడు. వాళ్ళకు వెనక ఏముందో కనిపించదు. అతనికి మైదానమంతా కనిపిస్తుంది. ఊరిబయట మంచెమీద నిలబడి చేను కాసేవాడి పని అది.

మీరొక చిన్న లెక్క చేయండి. ఆట 90 నిముషాలు. ఆటగాళ్ళు 22 మంది. అందరికీ బంతి సమంగా దొరికిందనుకున్నా ఒక్కొక్కరి దగ్గర నాలుగు నిముషాలకు మించి ఉండదు. మరి తక్కిన 86 నిముషాలూ ఆ మనిషి ఏం చేస్తున్నట్టు? పరిగెత్తుతాడు, ఆగుతాడు, తోటివాడికి దారి ఇస్తాడు, ఎదుటివాణ్ణి తనవెంట లాక్కుపోయి మరొకరికి చోటు చేస్తాడు. ఇంట్లో టెలివిజన్‌లో చూస్తే బంతి చుట్టూ జరిగేదే ఎక్కువ కనిపిస్తుంది. మైదానానికి వెళ్ళినవాడికి తక్కిన 86 నిముషాలు కూడా కనిపిస్తాయి. అంతదూరం వెళ్ళి కూడా బంతినే చూస్తే ఇల్లు కదలకపోయినా నష్టం లేదు.

ఇలా చూడటం మొదలుపెట్టాక, ఇంగ్లండు ఆట మారిందెక్కడో కూడా మాకు కనిపించింది. వాళ్ళు మధ్యన కిక్కిరిసి ఉన్న దారి వదిలి, మైదానం అంచుల వెంబడి బంతిని తీసుకుపోయి, అక్కడినుంచి గోలు ముందుకు పంపసాగారు. అలా వచ్చిన బంతినే 44 వ నిముషంలో రియాన్ బ్రూస్టర్ తలతో గోలులోకి నెట్టాడు. విరామం తరవాత 58 వ నిముషంలో మోర్గన్ గిబ్స్-వైట్ లెక్క సమం చేశాడు. 69 లో ఫిల్ ఫోడెన్, 84 లో మార్క్ గేహి, 88 లో మళ్ళీ ఫోడెన్! రెండు గోలుల వెనకబాటులో ఉన్న జట్టు 5-2 తో గెలిచింది.

మా మనవడు మొహం చేతుల్లో దాచుకున్నాడు. మైదానంలో స్పెయిన్ కుర్రవాళ్ళు కూడా పచ్చికమీద కూలబడ్డారు. వాళ్ళకూ, వీడికీ ఆరేడేళ్ళ తేడా, అంతే. కప్పు ఇచ్చేముందు ఓడినవారు వరసగా పతకాలు తీసుకోవటానికి నడిచారు. అప్పుడు మా చుట్టూ ఉన్న బెంగాలీలందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్ళకు స్పెయిన్ చుట్టం కాదు, ఇంగ్లండు చుట్టం కాదు. రెండు గంటలపాటు తమకు మంచి ఆట చూపించారని మెచ్చుకున్నారు. మనవడు తల ఎత్తి చూశాడు. మా ముందు వరసలో ఒక ముసలాయన, ఎనభై ఏళ్ళు ఉంటాయేమో, చేతికర్ర చంకన ఇరికించుకుని మరీ చప్పట్లు కొడుతున్నాడు. వాడు కండ్లు తుడుచుకుని లేచి నిలబడ్డాడు. స్పెయిన్ వాళ్ళకు కొట్టాడు. కాసేపటికి ఇంగ్లండు వాళ్ళు కప్పు ఎత్తినప్పుడు వాళ్ళకూ కొట్టాడు. వాణ్ణి ఎవరూ కొట్టమనలేదు.

ప్రేక్షకులు అంతటా ఇలాగే ఉంటారనుకోకండి. 1962 సెప్టెంబరు 4 న జకార్తాలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఆఖరి పందెం మన దేశానికీ, దక్షిణ కొరియాకూ జరిగింది. ఆ పోటీలకు ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వలేదు. అది తప్పని మన దేశపు క్రీడాధికారి ఒకరు అన్నారు. దానితో అక్కడి జనానికి మనవారందరిమీదా కోపం వచ్చింది. ఆటగాళ్ళకు ఆ మాటతో ఏ సంబంధమూ లేదు. అయినా ఆ మహాజన సమూహమంతా వాళ్ళను గేలి చేసింది.

ఆ జట్టుకు శిక్షకుడు మన హైదరాబాదువాడే. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన బడిపంతులుగా పనిచేసినవాడు. ఆయన శిక్షణలోనే మన జట్టు 1951 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది; 1956 లో మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానానికి చేరింది. జకార్తా నాటికి ఆయన క్యాన్సరుతో బాధపడుతున్నాడు. ఆయన జట్టులో సికింద్రాబాదు కుర్రవాడు తులసీదాస్ బలరామ్ ఉన్నాడు. తలకు కుట్లు పడ్డ జర్నైల్ సింగ్ కూడా ఉన్నాడు. అదే పోటీల్లో మొదట మనవాళ్ళు కొరియా చేతిలోనే 2-0 తో ఓడారు. ఆఖరి పందెంలో పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి గోలు చేయగా, మన జట్టు 2-1 తో గెలిచి స్వర్ణ పతకం తెచ్చింది. మరుసటి ఏడు జూన్‌లో రహీమ్ కన్నుమూశాడు. 2023 లో జరిగిన ఆసియా క్రీడల వరకూ చూసినా, ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ ఆ స్వర్ణం రాలేదు.

గేలి చేసినా మనవాళ్ళు గెలిచారు గదా, అని మీరనవచ్చు. గెలిచినవారు గొప్పవారు గనక గెలిచారు. అంతమాత్రాన గేలి చేసినవారి పని మంచిదైపోదు. ఎదుటి జట్టువాడు బంతి పట్టుకోగానే ఊళపెట్టే అలవాటు మన ఊళ్ళ కబాడీ పందేల్లోనూ ఉన్నది. దాన్ని మాన్పించవలసింది పెద్దలు. పిల్లలు ఎలా కేకలు వేయాలో పక్కన కూర్చున్న నాన్ననూ, తాతనూ చూసే నేర్చుకుంటారు.

ఇక తిరిగివచ్చే సంగతి. ఆట ముగియగానే అందరూ ఒక్కసారి లేస్తారు. అప్పుడు తొందరపడకూడదు. మేము ఇరవై నిముషాలు కదలకుండా కూర్చున్నాం. మనవరాలు నిద్రపోయింది. జనం పలచబడ్డాక అబ్బాయి ఆ పిల్లను ఎత్తుకుని ముందు నడిచాడు. మనవడు వాళ్ళ నాయనమ్మ చెయ్యి పట్టుకున్నాడు. జనంలో నడిచేటప్పుడు మరికొన్ని సంగతులు గుర్తుంచుకోండి. జనం పోయే దిక్కుకు ఎదురు పోవద్దు. కింద పడ్డ వస్తువు కోసం వంగవద్దు. మెట్లమీద ఆగవద్దు. ముందున్నవాణ్ణి నెట్టవద్దు, మీరు నెట్టే నెట్టు పదిమందిని దాటి ఎక్కడో ముందున్న పసిపిల్లకు తగులుతుంది.

ఆ రాత్రి ఆడిన కుర్రవాళ్ళు ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు. 2024 జూలై 14 న బెర్లిన్ నగరంలో యూరప్ దేశాల పెద్దల కప్పు ఆఖరి పందెం జరిగింది. మళ్ళీ ఇంగ్లండూ, స్పెయినూ! కలకత్తాలో గోలులు చేసిన ఫోడెన్, గేహి ఇంగ్లండు జట్టులో ఆడారు. కలకత్తాలో ఓడిన జట్టులోని ఫెర్రాన్ టోర్రెస్ ఈసారి స్పెయిన్ జట్టులో ఉన్నాడు. స్పెయిన్ 2-1 తో గెలిచింది. మే నెలలో స్పెయిన్, అక్టోబరులో ఇంగ్లండు, ఏడేళ్ళకు మళ్ళీ స్పెయిన్. పచ్చికమీద కూలబడ్డవాడి ఆట అక్కడితో అయిపోలేదన్నమాట.

ఈసారి మీ బళ్ళో పందెం జరిగినప్పుడు ఒక పని చేయండి. అయిదు నిముషాలపాటు బంతిని చూడకుండా, బంతి లేని ఒక్క ఆటగాణ్ణే చూడండి. అతను ఎన్నిసార్లు పరిగెత్తాడో, అందులో ఎన్నిసార్లు బంతి అతనికి వచ్చిందో కాగితంమీద గీతలు పెట్టండి. ఆ గీతలు మీ అమ్మానాన్నలకు చూపించండి. తరవాత ఆ ఆటగాడి దగ్గరికి వెళ్ళి, అతను ఏ జట్టువాడైనా సరే, "బాగా ఆడావు," అని చెప్పండి. తన పరుగులు కూడా ఎవరో లెక్కపెట్టారని తెలిస్తే అతనికి ఎంత సంతోషంగా ఉంటుందో చూడండి.